నంబరు లేని బండి

నేను ఒక కారును. నాలుగు చక్రాలున్నాయి, రెండు సీట్లున్నాయి, గొంతు కూడా బాగానే ఉంది. లేనిదల్లా నంబరు. మీ రోడ్ల మీద మేక నడవచ్చు, గేదె పడుకోవచ్చు, పెళ్లి ఊరేగింపు గంటలకొద్దీ ఆగి చిందులెయ్యవచ్చు. నేను మాత్రం చక్రం మోపకూడదు. మోపితే పట్టుకుపోతారు. ఇది విని నా మీద జాలిపడకండి. నాకు నంబరు లేకపోవడం వల్ల ఒక సంసారం బాగుపడింది. ఆ సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

నేను పుట్టింది జపానులో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో. తెల్ల చేతొడుగులు వేసుకున్న మనుషులు నన్ను బిగించి, తుడిచి, నాకు ముదురు ఆకుపచ్చ రంగు వేసి బయటికి పంపారు. మొదట ఒక పళ్ల డాక్టరు కొన్నాడు. ఆయన ఆదివారం తప్ప నన్ను ముట్టుకునేవాడు కాదు. తర్వాత మోరితా అనే ఇంజినీరు చేతికి వచ్చాను. ఆయనకు మన తడ దగ్గరి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. పెళ్లాం రానంది, కారు మాత్రం కాదనలేదు. నన్ను ఓడెక్కించాడు.

మద్రాసు రేవులో దిగాక తెలిసింది, నా వయసు మీరిపోయిందట. ఇంత పాత విదేశీ బండికి ఇక్కడ నంబరు ఇవ్వరట. పాపం మోరితా కాగితాలు పట్టుకుని చాలా తిరిగాడు. ఈ గదిలో ఆ గదికి పొమ్మన్నారు, ఆ గదిలో భోజనానికి వెళ్లారన్నారు. చివరికి ఆయనకు స్వదేశానికి బదిలీ అయింది. పోయేముందు రేవు గోడౌనుకు వచ్చి, నా బానెట్ మీద చెయ్యి ఆనించి, నడుం వంచి దండం పెట్టాడు. వదిలేసి వెళ్లాడని ఆయన మీద నాకు కోపం లేదు. అంత మర్యాదగా వదిలేసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

గోడౌనులో ఉప్పుగాలి తిన్నాను. ఎలుకలు నా సీటు తిన్నాయి. ఆఖరికి నన్ను వేలానికి పెట్టారు. రోడ్డు మీద నడపరాదు అని షరతు రాశారు కాబట్టి కార్లు కావాల్సినవాళ్లెవరూ రాలేదు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకాయన నా తలుపు మీద వేళ్లతో కొట్టి చూసి, రేకు మందంగా ఉందని మెచ్చుకున్నాడు. కసాయి మెచ్చుకుంటే మేకకు ఎలా ఉంటుందో నాకప్పుడు అర్థమైంది. సరిగ్గా అప్పుడే ఒక కాలు వంచలేక కుంటుకుంటూ మస్తాన్ రెడ్డి వచ్చాడు. నాయుడుపేటలో బండ్ల స్పేరు పార్టుల షాపు ఆయనది. షరతు కాగితం రెండుసార్లు చదువుకుని, నవ్వి, వేలంలో చెయ్యెత్తాడు. నన్ను ఎవరైనా ఆ షరతు కోసమే కొంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ కథ నాకు తర్వాత తెలిసింది. షెడ్డులో నిలబెట్టిన కారు ముందు మనుషులు మొహమాటపడరు.

మస్తాన్ బావ పేరు పెంచల రెడ్డి. వాకాడు వైపు రొయ్యల చెరువులున్నాయి. మనిషి వెన్న. కానీ స్టీరింగు పట్టుకుంటే పూనకం. ముందు ఎవరూ ఉండకూడదు. లారీ ఉంటే దాన్ని దాటాలి, దాటాక ఇంకోటి కనబడితే దాన్నీ దాటాలి. హైవే మీద తనంత బాగా తోలేవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. ఒక పెళ్లికి పోతూ గూడూరు దగ్గర ఇలాగే ఒక లారీని దాటబోయి డివైడరు ఎక్కించాడు. కారు రెండు పల్టీలు కొట్టింది. ఆయనకు మోచేయి గీసుకుపోయింది. పక్క సీట్లో ఉన్న మస్తాన్‌కు కుడి మోకాలు ఇక వంగలేదు. వెనక సీట్లో ఉన్న కామాక్షికి ఒంటి మీద ఒక్క దెబ్బా లేదు. ఆమె పెంచల రెడ్డి భార్య, మస్తాన్‌కు అక్క.

ఆసుపత్రి వరండాలో ఆమె భర్తతో ఒక్క మాట అంది. "నువ్వు తోలే కార్లో ఇంక నేను కూసోను." తిట్టలేదు, ఏడవలేదు. ఇంటికొచ్చి మామూలుగానే వంట చేసింది, మామూలుగానే నవ్వింది. కానీ ఆ రోజు నుంచి ఎక్కడికి పోయినా బస్సే. ఆయన ఖాళీ కారు వేసుకుని ఆ బస్సు వెంట పోయేవాడు. వెంట అంటే వెనక అనుకునేరు. బస్సును దాటిపోయి, తర్వాతి స్టాపులో ఆగి, అది రాగానే హారన్ కొట్టి, "రావే, ఎక్కవే" అని బతిమాలేవాడు. ఆమె కిటికీ అవతలి వైపుకు తిరిగేది. రెండేళ్లు అలా సాగింది. ఆ మనిషికి కావాల్సింది ఒకటే, కామాక్షి మళ్లీ తన పక్కన కూర్చోవాలి. దానికి అడ్డం ఏమిటో తప్ప ఆయనకు అన్నీ తెలుసు.

కుంటివాడైన బావమరిదికే ఉపాయం తట్టింది. "బావా, నీ దురద పొయ్యేది కాదు. దానికో దొడ్డి కట్టేస్తే సరి. మద్రాసవతల కారు రేసుల ట్రాకుంది. నెలకో ఆదివారం అందరూ బండ్లు తెచ్చుకుని తోల్తారంట. రోడ్డెక్కలేని బండి ఒకటి తెచ్చిస్తా. దూకుడంతా ఆడ తీర్చుకో, రోడ్డు మీద మనిషిలా నడువు." పెంచల రెడ్డి ఎందుకు ఒప్పుకున్నాడో నాకు తెలుసు. ఆ మోకాలు చూస్తూ ఆయన కాదనలేడు.

నన్ను రొయ్యల మేత గోడౌనులో దించారు. ఊరంతా వచ్చి చూసింది. రోడ్డెక్కని కారా, దాన్ని మోయడానికి ఇంకో లారీనా, పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నారు. నిజం చెప్పొద్దూ, వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు. కామాక్షి మాత్రం నా చుట్టూ ఒకసారి తిరిగి తమ్ముణ్ణి అడిగింది.

"ఇది రోడ్డెక్కదు గదా?"

"ఎక్కితే పోలీసోళ్లు ఎత్తకపోతారక్కా."

"ఎప్పటికీ ఎక్కదా?"

"ఎప్పటికీ."

ఆమె లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. నంబరు ఉండాల్సిన చోట నాకు బొట్టు పెట్టింది. ఈ దేశంలో నన్ను లోపం ఎంచకుండా చూసిన మొదటి మనిషి ఆమె. ఆ చల్లని వేలును నేను మరిచిపోలేను.

మొదటి ఆదివారం ఆమె ట్రాకుకు రాలేదు గానీ, తమ్ముడి చేతికి ఒక బూడిదగుమ్మడికాయ ఇచ్చి పంపింది. కొత్త బండికి దిష్టి తియ్యాలి కదా. మస్తాన్ దానిమీద కర్పూరం వెలిగించి, నా ముందు మూడుసార్లు తిప్పి, శాస్త్రం ప్రకారం బండి కదిలే దారిలోనే ఎత్తి కొట్టాడు. ఆ దారి బండ్లు ట్రాకు మీదికి దూసుకుపోయే మలుపు అని ఆయనకు తట్టలేదు. గుజ్జూ గింజలూ కుంకుమా తారు మీద పరుచుకున్నాయి. ఎర్ర జెండాలు లేచాయి. బండ్లన్నీ ఆగాయి. ట్రాకు చూసుకునే సెల్వం అనే తమిళాయన తల పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో! ఏం సార్ ఇది? దీని మీద టైరు పడితే మనిషే ఉండడు సార్!"

"దిష్టి సార్. యాక్సిడెంటు గాకుండా," అన్నాడు మస్తాన్ బిక్కమొహంతో.

అలా పెంచల రెడ్డి ఆ ట్రాకు మీద మొదట పట్టుకున్నది స్టీరింగు కాదు, చీపురు. అంతమంది చూస్తుండగా గింజ గింజా ఊడ్చి, నీళ్లు పోసి కడిగాడు. సెల్వానికి నవ్వొచ్చి కోపం దిగిపోయింది. కొత్తవాళ్లకు నేర్పేది కూడా ఆయనే కావడంతో నా పక్క సీట్లో ఎక్కాడు.

ఇక చూడండి మా రెడ్డిగారి ప్రతాపం. హైవే మీద తోలినట్టే తోలాడు. రెండో మలుపులో నేను గిర్రున తిరిగి, పక్కనున్న ఇసుకలో కూరుకుపోయాను. మళ్లీ ఎక్కించారు. ఈసారి నాలుగో మలుపులో ఇసుక. సెల్వం నెమ్మదిగా అన్నాడు. "సార్, మీరు బ్రేకును నమ్మడం లేదు, దేవుణ్ణి నమ్ముతున్నారు. ఇంతకాలం ఎట్లా బతికారు సార్?"

ఎగతాళికి అన్న మాట కాదది, నిజంగానే అడిగాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినా పెంచల రెడ్డి నాలోనే కూర్చున్నాడు. మస్తాన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పెంచల రెడ్డి స్టీరింగు మీంచి చెయ్యి తీసి అన్నాడు.

"నాకు తోలను రాదురా మస్తానూ. ఇన్నేళ్లూ నేను బాగా తోల్తా ఉండానని అనుకున్యా. కాదు. ముందర పొయ్యే వాళ్లు పక్కకి తప్పుకుంటా వచ్చినారు. అంతే. ఆ పొద్దు తప్పుకునేదానికి లారీవోడికి చోటు లేకపోయె."

మస్తాన్ బిగుసుకుపోయిన మోకాలిని అరచేత్తో రుద్దుకున్నాడు. తర్వాత, "ఈ మాట అక్కకి చెప్పు బావా," అన్నాడు.

"చెప్తే నమ్మదురా."

"అయితే చెప్పబాక. సరిగ్గా తోలను నేర్చుకో."

నేర్చుకున్నాడు. నెల నెలా నన్ను లారీ మీద కట్టుకుని వచ్చేవాడు. ఎక్కడ బ్రేకు తొక్కాలో, ఎక్కడ ఓపిక పట్టాలో సెల్వం ఓర్పుగా నేర్పాడు. ఆ ట్రాకుకు ఒక మర్యాద ఉంది. వెనక వచ్చే బండి జోరుగా ఉంటే ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి చాపి, ఇటు పొమ్మని దారి చూపించాలి. చెయ్యి చూపనిదే వెనకవాడు దాటకూడదు. మా రెడ్డికి అన్ని పాఠాలూ వచ్చాయి, ఇదొక్కటే రాలేదు. వెనక బండి అద్దంలో కనబడగానే ఆయన చెయ్యి స్టీరింగును మరింత బిగించేది. ఆ చేతి చెమట నాకు తెలుసు. సెల్వం అరిచేవాడు. నాకూ అరవాలనిపించేది.

ఊళ్లో మాత్రం మార్పు వచ్చింది. ఒకరోజు కామాక్షి నా షెడ్డులోకి మేత బస్తాలు లెక్కపెట్టించడానికి వచ్చి తమ్ముడితో అంది. "మీ బావ బస్సును దాటడం లేదురా. వెంకటగిరి దాకా వెనకాలే వచ్చినాడు. హారనన్నా కొట్టలా. బాగుండాడా మనిషి?"

"బాగానే ఉండాడు. నువ్వొకసారి ట్రాకుకు రాక్కా."

"వస్తే బస్సులోనే వస్తా," అందామె.

అన్నట్టే వచ్చింది. నాయుడుపేటలో బస్సెక్కి, మద్రాసులో దిగి, ఇంకో బస్సు, తర్వాత ఆటో. చేతిలో క్యారియరు. భర్తకు చెప్పొద్దని తమ్ముడి దగ్గర మాట తీసుకుంది. ఇనుప కంచె అవతల చెట్టునీడలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను ఆ వైపుగా వెళ్లిన ప్రతిసారీ ఆమె కనబడుతూనే ఉంది. పెంచల రెడ్డి మాత్రం చూడలేదు. మలుపులో కళ్లు ఎక్కడుండాలో ఆయన నేర్చుకున్నాడు.

అప్పుడు వెనకనుంచి ఒక పసుపుపచ్చ కారు వచ్చింది. మంచి జోరు మీద ఉంది. అద్దంలో కనబడగానే నా స్టీరింగు మీద ఆ పాత బిగువు తగిలింది. ఇక అయిపోయింది అనుకున్నాను. సరిగ్గా ఆ కంచె ముందున్న తిన్నని దారిలోకి వచ్చాం. ఆమె చూస్తోంది. మనిషినైతే దేవుడికి మొక్కుకునేదాన్ని. బిగువు మెల్లగా సడలింది. పెంచల రెడ్డి గట్టిగా ఊపిరి వదిలి, కుడి చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, పొమ్మని చూపించాడు. పసుపు కారు దాటిపోయింది.

నన్ను నీడకు తెచ్చి నిలబెట్టేసరికి అక్కాతమ్ముళ్ల మాటలు వినబడ్డాయి.

"ఆ చెయ్యెందుకు చాపినాడురా?"

"నువ్వు పోబ్బా అని దోవిచ్చినాడక్కా."

"మీ బావా?"

"మా బావే."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. పెంచల రెడ్డి హెల్మెట్ తీసి తలెత్తి చూసి, అలాగే నిలబడిపోయాడు. ఆమె కంచె ఇవతలికి వచ్చి నా బానెట్ మీదే క్యారియరు విప్పింది. వేడికి నాకే భయమేసింది గానీ ఆమెకు పట్టలేదు. పులిహోర, వడియాలు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నమల్లేక తిప్పలు పడుతుంటే ఆమె అంది. "పొయ్యేటప్పుడు నీ కార్లో వస్తాలే. ఆ చెయ్యి రోడ్డు మీద గూడా చూపియ్యాల."

ఆయన తల ఊపాడు.

నేను చాలామందికి రుణపడి ఉన్నాను. దండం పెట్టి వెళ్లిన మోరితాకు, ఇసుకలోంచి ఎన్నిసార్లు లాగినా విసుక్కోని సెల్వానికి, మోకాలు పోయినా బావను వదులుకోని మస్తాన్‌కు. షరతు కాగితం మీద ముద్ర కొట్టిన ఆ పేరు తెలియని గుమస్తాకు కూడా. ఆయన ఏ మంచి మనసుతోనో కనికరించి నాకు నంబరు ఇచ్చి ఉంటే, నేనూ హైవే మీద లారీలను దాటే ఇంకో కారునై ఉండేదాన్ని.

ఆ సాయంత్రం నన్ను లారీ మీదికి ఎక్కించారు. మస్తాన్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నా ముఖం వెనక్కి ఉంది కాబట్టి దారంతా వాళ్ల కారును చూస్తూ వచ్చాను. పెంచల రెడ్డి తోలుతున్నాడు. పక్కన కామాక్షి. మొదట్లో ఆమె ఒక చేత్తో తలుపు పిడి, ఇంకో చేత్తో సీటు అంచు పట్టుకుని నిటారుగా కూర్చుంది. ఎవరో వెనకనుంచి హారన్ కొట్టారు. ఆయన పక్కకు జరిగి చెయ్యి చూపించాడు. ఆమె సీటు అంచు వదిలింది. ఇంకాస్త దూరం పోయాక తలుపు పిడి కూడా వదిలింది.

సూళ్లూరుపేట దగ్గర టోలుగేటులో మా లారీ ఆగింది, వెనకే వాళ్ల కారూ ఆగింది. వేరుశనక్కాయలమ్మే అతను వాళ్ల అద్దం మీద నాణెంతో టకటకా కొట్టాడు. పెంచల రెడ్డి గబుక్కున నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో పక్క సీటు చూపించాడు.

కామాక్షి నిద్రపోతోంది.