తాటాకంత సందు

ఏలూరు కాలవ గట్టున సూర్రావు కార్ల షెడ్డు తెల్లారగానే తెరుచుకునేది. సూర్రావు నేల ఊడ్చుకుని పానాలు వరసగా పేర్చుకునేవాడు. ఈలోగా వెనకింట్లో అతని భార్య మరిడమ్మ ఏదో ఒకదాని మీద కోపం తెచ్చుకుని, వేలు చాపి పొయ్యి వెలిగించేది. కోపం వస్తే ఆమె వేలి చివర నీలంగా నిప్పు దూకుతుంది. పుట్టింటివాళ్ళు కొల్లేట్లో చేపలు పట్టుకునేవాళ్ళు. ఆ తడి చేతుల వంశంలో నిప్పు ఎలా పుట్టిందని ఎవరూ అడగలేదు. ఎదురింటి అచ్చాయమ్మ పిడక పట్టుకొచ్చి, "ఏవమ్మా, ఇవాళ కోపంగా ఉన్నావా?" అని అడిగి, అంటించుకుని వెళ్ళేది.

సూర్రావుకి ఆ నిప్పు పనిముట్టు. ఇంజన్లో పెట్రోలుని అంటించేది స్పార్కు ప్లగ్గు. దాని మొన దగ్గర రెండు లోహపు ముక్కల మధ్య సన్నటి సందు ఉంటుంది. సందు మరీ ఇరుకైతే నిప్పు బలంగా పుట్టదు, మరీ వెడల్పైతే అసలు దూకదు. సూర్రావు ప్లగ్గుని భార్య వేలికి ఆనించి, నిప్పు దూకే తీరు చూస్తూ సందు సరిచేసేవాడు. ఆఖర్న చూరులోంచి తాటాకు ముక్క తీసి సందులో దూర్చేవాడు. ఆకు కాస్త బిగువుగా జారితే సరిపోయినట్టే. ఆకు పెట్టి చూడకుండా ఏ ప్లగ్గూ ఆ షెడ్డు దాటలేదు.

పంధొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం వేసవిలో ఓ ఉదయం ఎర్ర స్పోర్ట్సు కారొకటి దగ్గుతూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దెందులూరు వైపు మాగాణులున్న అచ్యుతరావుది ఆ కారు. రెండే సీట్లు. ఒకటి ఆయనకి, ఒకటి ఆయన తుపాకికి. బాతుల వేటకని కొల్లేటి గట్లమీద దాన్ని తోలడం ఆయన సరదా. కిందటి నెల నిడమర్రు దిగువన గట్టుమీద ఆరేసిన వలల మీదుగా పోనిచ్చాడు. పక్కన బోలెడు దారి ఉంది. ఒళ్ళు కొవ్వెక్కినవాడికి దారెక్కడ కనిపిస్తుంది? వలలు చక్రాలకి చుట్టుకుని పీలికలైపోయాయి. మరిడమ్మ తమ్ముడు పెద్దింటయ్య కారుకి అడ్డంగా నిలబడి, "ఇదేం న్యాయం బాబూ?" అని అడిగాడు. అడిగినందుకు, తనని గడకర్రతో కొట్టాడని అచ్యుతరావు కేసు పెట్టాడు. గడకర్ర పడవ దాటి రానేలేదు. అయినా పెద్దింటయ్య తాడేపల్లిగూడెం సబ్‌జైల్లో ఉన్నాడు. ఆ రోజే అక్కడి కోర్టులో విచారణ.

"పొద్దుటి రైలు వెళ్ళిపోయింది సూర్రావూ. కోర్టు వేళకి నేను గూడెంలో ఉండాలి. కొత్త ప్లగ్గులు వెయ్యి," అన్నాడు అచ్యుతరావు కుర్చీలో కూలబడుతూ. "నేను కనపడకపోతే కేసు కొట్టేస్తారు. ఆ వలలవాడికి ఆర్నెల్లన్నా పడాలి."

"చిత్తమండి," అన్నాడు సూర్రావు.

అచ్యుతరావు అన్నది వెనకింట్లోకి వినిపించింది. మరిడమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఆ వలలవాడి అక్క అని అచ్యుతరావుకి తెలియదు. ఆమెవైపు చూడను కూడా లేదు.

సూర్రావు ప్లగ్గుల పెట్టె తెరిచాడు. నిదానంగా నడిచే బళ్ళకి వేడి నిలుపుకునే ప్లగ్గులు వేస్తారు. ఈ బండి జోరుగా పోయేది కాబట్టి వేడిని తొందరగా వదిలేసే రకం ఏరి, ఒక్కోటీ గుడ్డతో తుడిచాడు. ఆ శ్రద్ధ చూస్తుంటే మరిడమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"నా తమ్ముణ్ణి జైల్లో ఉంచడానికి పోతున్నాడయ్యా. ఆ బండికి నువ్వు ప్లగ్గులు తుడుస్తున్నావా?" అంది గొంతు తగ్గించి.

"వేలు చాపవే," అన్నాడు సూర్రావు తలెత్తకుండా.

"నీకు సిగ్గు లేదు."

"చాపు."

చాపింది. నిప్పు ఫెళ్ళున దూకింది. సూర్రావు సందు కాస్త వెడల్పు చేశాడు. అయినా దూకింది. ఇంకాస్త చేశాడు. దాన్నీ దాటింది. చిరిగిన వలలు, తమ్ముడి చేతి బేడీలు, మొగుడి వంచిన మెడ, అన్నీ ఆ వేలి చివరికొచ్చి నిలబడ్డాయి. ప్లగ్గులన్నీ అలాగే సరిచేసి బిగించాడు సూర్రావు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. అచ్యుతరావు భేషని, దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మరిడమ్మ మొగుడికి అన్నం పెట్టలేదు. పెట్టనని చెప్పి మరీ పెట్టలేదు.

దెందులూరు దాకా బండి బాగానే నడిచింది. అక్కణ్ణుంచి వేగం పెంచగానే తన్నుకోవడం మొదలుపెట్టి, ఉంగుటూరు చేల మధ్య పూర్తిగా ఆగిపోయింది. ఇంజను మీద బరువు పడ్డాక అంత సందు దూకే సత్తా బండి నిప్పుకి లేకపోయింది. బండికి కోపం లేదు మరి. అచ్యుతరావు ఎండలో నిలబడి బండిని తిట్టాడు, ఎక్కించుకున్న ఎడ్లబండివాణ్ణీ తిట్టాడు. ఆయన కోర్టు మెట్లెక్కేసరికి మేజిస్ట్రేటు కేసు కొట్టేసి భోజనానికి లేచాడు.

సాయంత్రం పెద్దింటయ్య రైలు దిగి వచ్చాడు. అరుగుమీద కూర్చుని, "కారు దారిలో ఆగిపోయిందంటక్కా. ఎడ్లబండిలో దిగాడు," అని జరిగిందంతా చెప్పాడు.

మరిడమ్మ షెడ్డులోకి వెళ్ళి చూరుకేసి చూసింది. తాటాకు ముక్క నిన్న దోపినచోటే ఉంది.

"ఆకు పెట్టి చూళ్ళేదా?" అని మొగుణ్ణి అడిగింది.

సూర్రావు పానాలు తుడుచుకుంటున్నాడు. "నీ నిప్పు చూశాక ఇంక ఆకెందుకే?" అన్నాడు తలెత్తకుండా.

మరిడమ్మ లోపలికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. మొగుడి మీద కోపం పోయింది కాబట్టి ఈ పూట రాజుకోదేమోననుకుంటూనే వేలు చాపింది. అరుగుమీంచి పెద్దింటయ్య గొంతు వినిపించింది.

"వలలు మాత్రం పోయినట్టే బావా."

పొయ్యి భగ్గున అంటుకుంది. ఆ మంటమీదే ముగ్గురికీ అన్నం వండింది.