గాలి మీద బోర్లా

నాకు అన్నిటికంటే పెద్ద భయం — పడిపోవడం నా భర్తకు నచ్చేస్తుందేమోనని.

కళ్ళ చుట్టూ ఎర్రటి గుండ్రటి గుర్తులు. నెత్తికి అణిగిపోయిన జుట్టు. చెంపల్లో ఇంకా గాలి ఆడుతున్నట్టు...

ఆయన అలా ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం, మేం వలస వచ్చిన ఫ్రాంక్టన్‌లో కొండల మీద మంచు గులాబీ రంగుకు తిరుగుతోంది.

"డ్యూటీ లేటయింది," అన్నారు.

డ్యూటీలో కళ్ళకు అద్దాలు ఎవరు బిగిస్తారు?

నేను అడగలేదు. చూశాను. చూడటం నాకు బాగా వచ్చు.

ప్యాంటు ఉతకబోతే జేబులో నారింజ రంగు స్పాంజి ముక్కలు దొరికాయి, వేలి కొసంత. చెవుల్లో పెట్టుకునేవి. ఎవరి మాట వినకూడదని పెట్టుకున్నారో...

ఎవరైనా ఆడమనిషేమో అనుకున్నాను. ఆ అనుమానమే నయమనిపించే రోజొకటి వస్తుందని అనుకోలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చకుండా కార్పెట్ మీద బోర్లా పడుకున్నారు. పొట్ట ఒక్కటే నేలకు ఆనించి. చేతులు పైకి. మోకాళ్ళు మడిచి. గడ్డం ఎత్తి.

మా లవ్లీకి నాలుగేళ్ళు. పక్కనే అదీ బోర్లా పడుకుంది.

"మమ్మీ, లుక్! ఐయామ్ ఫ్లయింగ్!"

"అది సరే, మీరేంటండీ?"

ఆయన గడ్డం దించలేదు. "ప్రాక్టీస్ చేస్తున్నా," అన్నారు.

అప్పుడు చెప్పారు. టౌన్‌లో నిలువెత్తు గాజు గది ఒకటి ఉందట. ఫ్యాన్లతో గాలిని కింద నుంచి పైకి తోస్తారట. విమానంలోంచి దూకితే ఎలా ఉంటుందో, విమానం లేకుండానే అలా ఉంటుందట. అందులో గాలి మీద పడుకోవడం వస్తే, తర్వాత నిజంగా దూకడం నేర్చుకోవడం తేలికట.

గాలికి బరువుంటుందని ఎనిమిదో తరగతిలో విన్నాను. అది మనిషిని మోస్తుందని చెప్పేలోపే నన్ను బడి మాన్పించారు.

"ఎందుకండీ ఇప్పుడిది?"

"ఊరికే."

ఊరికే అన్న మాటను నేనెప్పుడూ నమ్మలేదు.

శిరోమణి ఆంటీ మాత్రం పడీపడీ నవ్వింది. మా ప్రార్థన కూటాలు జరిగేది ఆవిడ ఇంట్లోనే. "పడుకోడానికి క్లాసులేంటే ఫేబీ! మా అంకుల్ సోఫాలో పడుకుంటే, లేపడానికి నాకు కావాలి క్లాసులు."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే చూశాను — ఆయన తన చేతులు చూసుకుంటున్నారు.

ఆ చేతులు.

ఆ చేతుల పక్కనుంచే మార్గరెట్ జారిపోయింది.

ఆయన పనిచేసేది వృద్ధుల హోమ్‌లో. అక్కడ పనులెన్ని ఉన్నా అసలు పని ఒక్కటే — పెద్దవాళ్ళు పడకుండా చూసుకోవడం. మార్గరెట్ అక్కడుండే ముసలావిడ. బిస్కెట్ సగం విరిచి, లవ్లీకి ఇమ్మని ఆయన జేబులో వేసేది. ఒక ఉదయం స్నానం ముగించి, గోడకున్న కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆయన టవల్ కోసం తిరిగారు.

తిరిగినంతసేపే.

వేసవిలో పడింది. చలికాలాన్ని చూడలేదు.

నీ తప్పు లేదు దేవపాల్, అని హోమ్‌లో అందరూ అన్నారు. పాస్టర్ గారూ అన్నారు. నేనూ అన్నాను. అంతమంది ఒకే మాట అంటే ఏ మనిషైనా ఎలా నమ్ముతాడు?

అప్పటి నుంచి ఆయన తల వంగే ఉంది. కంచం ముందు. స్టీరింగ్ ముందు. నా ముందు.

అలాంటి మనిషి గాలి మీదకు వెళ్ళి గడ్డం ఎత్తుతున్నాడు.

ఎందుకు?

ఒకరోజు గిన్నెలు తుడుస్తూ ఆయనే అన్నారు. "పడేటప్పుడు మనిషికి ఎలా ఉంటుందో... తెలుసుకోవాలి ఫేబీ."

ప్లేటు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

పడేటప్పుడు అన్నారు. లేవడం గురించి ఏమీ అనలేదు.

అందుకే వెళ్ళాను. లవ్లీని చంకనేసుకుని గాజుకు ఇవతల నిలబడ్డాను. గాలి హోరు గాజు దాటి నా పళ్ళలోకి వచ్చింది. కింద వల. వల మీద గాలి. గాలి మీద నా భర్త.

అక్కడ మాట వినపడదు. నేర్పేది ఒక కివీ అమ్మాయి, ఈ దేశపు పిల్ల. నా మొదటి అనుమానం ఒక్కసారి లేచి చూసి, మళ్ళీ పడుకుంది. ఆ అమ్మాయి అన్నీ వేళ్ళతోనే చెబుతుంది. రెండు వేళ్ళు చాపితే — కాళ్ళు చాపు. వేళ్ళు వంచితే — మోకాళ్ళు వంచు. తన గడ్డం కింద వేలు పెట్టి ఎత్తితే — గడ్డం పైకి.

తేలారు. నిజంగానే తేలారు.

బుగ్గలు అలల్లా ఊగుతున్నాయి. ఆ ముఖంలో నాకు తెలియని మనిషెవరో ఉన్నాడు. బరువు దించుకున్న మనిషి. గాలి మీద నాకు కుళ్ళు పుట్టింది.

అంతలో ఆయన కళ్ళు మూసుకున్నారు.

తల వంగింది. చేతులు దగ్గరికొచ్చాయి.

గాలి తప్పింది. తలకిందులుగా వల మీదకు దిగిపోయారు. ఆ అమ్మాయి నడుం దగ్గర సూట్ పట్టుకుని లేపింది. గడ్డం పైకి! మళ్ళీ తేలారు. మళ్ళీ కళ్ళు. మళ్ళీ తల. మళ్ళీ చేతులు. మళ్ళీ వల.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. బిగుసుకుపోతున్నాడనుకుంది. చెయ్యి ఊపి, వదులుగా ఉండు, వదులుగా, అంటోంది.

నాకు అర్థమైంది.

పుట్టినప్పటి నుంచి మేం అలాగే చేస్తాం. కళ్ళు మూసి, తల వంచి, చేతులు జోడించి. దేవుడి ముందు గడ్డం ఎత్తమని మాకెవరూ చెప్పలేదు.

ఆయన ప్రార్థన చేస్తున్నారు.

ఏమని?

కాపాడమనా... క్షమించమనా... తీసుకుపొమ్మనా?

కారులో అడిగాను. "లోపల ఏమడిగారు దేవుణ్ణి?"

"ఏం లేదు. భయమేసింది, అంతే."

నవ్వారు. కళ్ళ చుట్టూ ఎర్రటి గుర్తులు. ఎన్ని నెలల తర్వాతో నవ్వు. చాలా బాగుంది ఆ నవ్వు. అదే నాకు నచ్చలేదు.

శనివారం నిజంగా దూకుతారు.

గాజు ఉండదు. వల ఉండదు. నేర్పేవాళ్ళిద్దరు చెరో పక్క పట్టుకుంటారట. మణికట్టుకు కట్టిన మీటరులో ఎంత ఎత్తులో ఉన్నదీ చూసుకోవలసింది మాత్రం ఆయనేనట. పారాచూట్ పిడి లాగాల్సిందీ ఆయనేనట. ఆయన లాగకపోతే వాళ్ళు లాగుతారట.

అట. అట. అన్నీ అటలే.

కళ్ళు మూసుకున్న మనిషికి ఎత్తు ఎలా కనబడుతుంది? జోడించిన చేతులు పిడిని ఎలా అందుకుంటాయి?

నేనూ వెళ్తాను. గడ్డిలో నిలబడతాను. లవ్లీ పైకి చూస్తుంది. నేను మాత్రం చూడలేను, నాకు తెలుసు. విమానం చప్పుడు వినగానే కళ్ళు మూసుకుంటాను, తల వంచుకుంటాను... నాకూ వచ్చింది అదొక్కటే.

అందుకని మీరు — ఎవరైనా సరే — శనివారం మా కొండల వైపు ఉంటే, ఒక్కసారి పైకి చూడండి. ముగ్గురు కనిపిస్తారు. మధ్యలో ఉన్నది మా ఆయన. ఎర్రటి గుర్తులు మిగిల్చే ఆ అద్దాల వెనక కళ్ళు తెరిచి ఉన్నాయో లేదో...

గడ్డం పైకి ఉందో లేదో...

చూసి, నాకు చెప్పండి.