చెలమలు తవ్విన దావ

చెలమలో నీళ్ళు ఊరలేదు. సీనియమ్మాళ్ చేతికి ముందు ఒక పాలిథిన్ కవరు తగిలింది. లాగితే దాని వెనక ఇంకొకటి, ఆ కింద నల్లగా కుళ్ళిన కవర్ల దొంతర. తమిళనాట వైప్పారు ఏటి ఇసకలో మోచెయ్యి లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరే చోటది. నిన్న కూతురు తాగింది ఈ నీళ్ళే కదా!

కాంట్రాక్టరు శంకరలింగం లారీ టౌను చెత్తనంతా తెచ్చి ఏట్లో పోస్తోంది. నిరుటి వరదకి అదంతా ఇసక కిందికి చేరింది. అడిగితే అతని జవాబు ఒకటే: "ఏరు మీ తాతదా?" అతనికి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూడా ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు సగానికి సగం అక్కడే పని చేస్తారు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ నోరెత్తలేదు.

ఆ సాయంత్రం జనం ఏటి గట్టున కూడారు.

"లారీకి అడ్డం పడుకుందాము" అంది చిన్నతాయి.

"పడుకో వదినా. వాడు ఎక్కించి పోతాడు. నీ కోళ్ళన్నీ నేను తోలుకుంటా" అన్నాడు ఆమె మరిది కందసామి. కొందరు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సీనియమ్మాళ్ కూతురు కార్తీశ్వరి లేచింది. "పడుకోవొద్దు అత్తా. లారీ దిగే దావంతా చెలమలు తవ్వుదాము. ఇంటికొకటి."

ఆ ఊళ్ళో ఒకరి చెలమ ఇంకొకరు తొక్కరు. తాగి తూలేవాడు కూడా చుట్టూ తిరిగి పోతాడు.

"డ్రైవరు పాండీశ్వరన్ మనూరోడే. చెలమ మింద చక్రం ఎక్కించడు" అంది కార్తీశ్వరి.

"శంకరలింగం మనూరోడు కాదే!" సీనియమ్మాళ్ కూతురి కొంగు పట్టి లాగింది. "కూచో. పని తీసేస్తాడు. పోలీసులొస్తారు. నిన్ను యాడికి తీసకపోతారో..."

"నువ్వు చెప్పేదంతా జరగొచ్చు యమ్మా. బయపడతా బయపడతానే తవ్వు."

తెల్లారేసరికి దావ నిండా చెలమలు. ప్రతి చెలమ పక్కనా పైకి లాగిన కవర్ల కుప్ప. లారీ వచ్చి ఆగింది. పాండీశ్వరన్ దిగి చూశాడు.

"ఇది ఎవురిది?"

"మీయమ్మదిరా. ఎక్కించు!" అంది చిన్నతాయి.

అతను ఇంజను ఆపేసి గట్టెక్కి కూచున్నాడు.

ఎండ ముదిరాక శంకరలింగాన్ని ఎక్కించుకుని పోలీసు జీపు వచ్చింది. దావ మూసుకుపోవడంతో రేవు పక్కనుంచి ఇసకలోకి దిగింది.

"దీనికి నాయకురాలు ఎవరు?" ఎస్సై తమిళంలో గద్దించాడు. శంకరలింగం వేలు కార్తీశ్వరి వైపు తిరిగింది. కానిస్టేబుళ్ళు ఆమెను ఈడ్చుకెళ్ళి జీపులో కుదేశారు.

సీనియమ్మాళ్ నిన్న భయపడి చెప్పిందంతా పట్టపగలు కళ్ళ ముందే జరుగుతోంది. ఆమె జీపు వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో ఇసక తోడటం మొదలుపెట్టింది. చిన్నతాయి వచ్చి రెండో చక్రం దగ్గర కూచుంది. కందసామి పార తెచ్చాడు. గట్టు మీంచి పాండీశ్వరన్ దిగి వచ్చాడు. తర్వాత ఊరంతా జీపు చుట్టూ వంగింది.

"లేవండి! ఏం చేస్తున్నారు?" లాఠీ పైకి లేచింది.

"నీళ్ళు కావాల సామీ" అంది సీనియమ్మాళ్.

మొదటి దెబ్బ ఆమె వీపున పడింది. చేతులు ఆగలేదు. చక్రాల కింద తడి ఇసక జారింది. జీపు వెనక్కి కుంగింది.