చీకట్లో పడిన సున్నా

జాబితా అయిదింటికల్లా బోర్డు మీదికెక్కాలి. అప్పటికే నాలుగున్నర. బృందం కార్యదర్శికి చేతిలోని దరఖాస్తు నిప్పులా ఉంది.

బడులకు వెళ్లి పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేసి చూపించే కాలేజీ విద్యార్థుల బృందం అది. జీతం లేని పని, అయినా పోటీ ఎక్కువ. కొత్తగా ఏడుగురిని తీసుకోవాలని మధ్యాహ్నం పరీక్ష పెట్టారు. దరఖాస్తులు చదివి, ఎవరికి ఏ సౌకర్యం కావాలో ముందుగా చెప్పడం కార్యదర్శి పని.

ఈ దరఖాస్తు మొదటి ఏడాది అమ్మాయిది. అడుగున రాసి ఉంది: 'నాకు వినపడదు. పెదవులు చూసి అర్థం చేసుకుంటాను. దయచేసి వెలుతురులో, నావైపు తిరిగి మాట్లాడండి.'

కార్యదర్శి దాన్ని పొద్దునే చదివింది. కుర్చీలు సర్దే హడావుడిలో మరిచిపోయింది.

వాళ్ల పరీక్షకో ఆనవాయితీ ఉంది. లైట్లార్పేసి, రెండు ద్రావణాలు కలిపి నీలికాంతి పుట్టించాలి. ప్రశ్నలూ ఆ చీకట్లోనే. అమ్మాయి బీకరు అందరికంటే చక్కగా వెలిగింది. ప్రశ్న వేశారు. జవాబు లేదు. మళ్లీ వేశారు. నీలికాంతిలో ఆ పిల్ల నవ్వుతూ నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది కార్యదర్శికి. అయినా నోరు విప్పలేదు. ప్రశ్నలకు సున్నా పడింది.

ఏడో చోటు దక్కింది కార్యదర్శి సొంత చెల్లెలికే.

"ఏంటక్కా, ఆముదం తాగినట్టు ఆ మొహం?" చెల్లెలు భుజం మీద వాలిపోయింది. "ఒక్క మార్కుతో గట్టెక్కా! అమ్మకి ఫోన్ చేసి చెప్పేశా."

"అప్పుడేనా?"

"కడుపులో దాచుకోవడానికి నేనేమన్నా నువ్వా?"

అంతలో ఆ అమ్మాయే వచ్చింది. "అక్కా, లైట్లు వేశాక అందరూ నన్ను అదోలా చూశారు. నేనేమన్నా తప్పు చేశానా?"

"అదేం లేదమ్మా..." కార్యదర్శి కిటికీ వైపు మొహం తిప్పేసుకుంది.

"ఇటు తిరగండక్కా. ఏమన్నారో కనపళ్లేదు."

కార్యదర్శి ఇక అక్కడ నిలబడలేకపోయింది. ఒక్క పరుగున బృందం అధ్యక్షుడి గదిలోకి వెళ్లి దరఖాస్తు బల్ల మీద పెట్టింది.

అతను చదివి తల పట్టుకున్నాడు. "ఎప్పుడు గుర్తొచ్చింది నీకు?"

"ప్రశ్న అడుగుతున్నప్పుడే."

"రెండు గంటలైంది తల్లీ! ఈలోపు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?"

"మా చెల్లి మార్కులు లెక్కేసుకుంటున్నా."

అతనికి నవ్వు రాలేదు. "ఆ పిల్లని పిలువు. లైట్లన్నీ వెయ్యండి. రేపట్నుంచి దరఖాస్తులు నువ్వు ముట్టుకోవద్దు."

అయిదు ప్రశ్నలు. అమ్మాయి అయిదింటికీ టకటకా జవాబిచ్చింది. ఎదురు ప్రశ్న ఒకటి వేసి అధ్యక్షుడినే తికమక పెట్టింది. జాబితాలో ఏడో పేరు మారింది. చెల్లెలు సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది.

కార్యదర్శి ఆ అమ్మాయి ఎదుట, దీపం కింద నిలబడింది. "నీ దరఖాస్తు పొద్దునే చదివాను. మరిచిపోయాను. గుర్తొచ్చాక కూడా చెప్పలేదు."

"మరిచిపోయేవాళ్లు నాకు అలవాటేలెండి," అంది అమ్మాయి.

గుర్తొచ్చీ చెప్పకపోవడం గురించి ఏమీ అనలేదు. మొదటి బడికి ఎన్నింటికి బయల్దేరాలో కనుక్కోవడానికి లోపలికెళ్లిపోయింది.