అలవాటు తప్పని చెయ్యి

నీలవేణి ఏళ్ల తరబడి నైకాన్ కెమెరాతోనే ఫొటోలు తీసింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్ల పెళ్లంటే ఆమె ఉండాల్సిందే. ఈమధ్య ఆమెకి పని ఇస్తున్న కలకత్తా స్టూడియో యజమాని దాదా, తన ఫొటోగ్రాఫర్లందరి ఫొటోల్లోనూ రంగులు ఒకేలా రావాలని, కెనాన్ కెమెరాకి మారమన్నాడు. మారకపోతే పని లేదన్నాడు. మారింది. ఇంట్లో సాధన కూడా చేసింది.

కొత్త కెమెరాతో స్టూడియో తరఫున మొదటి పెళ్లి, చిన్ననాటి నేస్తం రత్నం కూతురిది. బాజాలు జోరందుకున్నాయి. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. దగ్గరగా చూపిద్దామని నీలవేణి లెన్స్ తిప్పింది. కెనాన్ లెన్స్ నైకాన్‌కి ఎదురువైపు తిప్పాలి; పాత అలవాటున చెయ్యి నైకాన్ వైపే తిరిగింది. పెళ్లికూతురు ఎక్కడో దూరానికి పోయి, అడ్డంగా జనాల వీపులు వచ్చాయి. కంగారుగా వెనక్కి తిప్పేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి.

"బాగా పడినాదేటే?" అని రత్నం ఆశగా అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "నేదే రత్నం. సెయ్యి అటు తిప్పబోయి ఇటు తిప్పేసినాను."

రత్నం మొహం పాలిపోయింది. "అయితే తాళి మళ్లీ కట్టించమంటావేటి?" అని విసురుగా కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

తలంబ్రాల పళ్లేలు వస్తున్నాయి. పాతదాంతో తీస్తే స్టూడియోవాళ్లు ఒప్పుకోరని నీలవేణికి తెలుసు. అయినా కొత్త కెమెరా మెడలోంచి తీసేసి, ఇంకా అమ్మెయ్యకుండా సంచిలో ఉంచుకున్న పాతదాన్ని తగిలించుకుంది. ఆ తరవాత చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

భోజనాల వేళ రత్నం అందరినీ పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టింది. నీలవేణిని మాత్రం పిలవలేదు.