నాలుగో మనిషి

అది శ్రావణమాసం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున మొదలైన వాన అప్పుడే వెలిసింది. నిడదవోలు స్టేషను వీధిలో ఇంకా ఎండ రాలేదు. ఫొటోగ్రాఫరు గంగరాజు బల్ల సొరుగులోంచి నన్ను బయటికి తీశాడు.

నేను ఒక జత నల్లట్టలను. రెండూ వడ్రంగి మూలమట్టంలా, ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటాయి. ఫొటో కాగితాల డబ్బాలో వచ్చిన అట్టను కత్తిరించి నన్ను తయారుచేసినవారు గంగరాజుకు రాజమండ్రిలో పని నేర్పిన గురువుగారు. శిష్యుడు సొంతంగా స్టూడియో పెట్టుకుంటున్నాడని తెలిసి నన్ను బహూకరించారు, కెమెరా ఇవ్వలేదు. నా రెండు ముక్కలనూ నమూనా ప్రింటు మీద ఎదురెదురుగా పెడితే మధ్యలో ఒక కిటికీ ఏర్పడుతుంది. దాన్ని ఎంతకు కుదిస్తే ఫొటో అంతే. కిటికీ బయట ఉన్నది పూలకుండీ అయినా, మనిషి అయినా పెద్ద ప్రింటులోకి రాదు.

మనుషుల నమ్మకం ఒకటి నాకు పని పెంచింది. ముగ్గురు కలిసి ఫొటో దిగితే వారిలో ఒకరికి ఆయుష్షు తీరుతుందని అక్కడ అందరూ అనుకునేవారు. అందుచేత ముగ్గురు వచ్చినప్పుడల్లా గంగరాజు వెనక వాటావైపు తిరిగి, "ఏవే, ఓసారొచ్చి నిలబడు" అని కేకేసేవాడు. ఆయన భార్య మంగతాయారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చివర నిలబడేది. గండం గడిచేది. తరువాత ఆయన నా సాయంతో ఆమెను తొలగించేవాడు. ప్రింటులో మళ్లీ ముగ్గురే మిగిలినా ఎవరూ భయపడేవారు కారు. యముడు నెగటివును చూస్తాడు గాని ప్రింటును చూడడని వారి అంచనా కాబోలు.

ఈ విధంగా మంగతాయారు ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల ప్రాణాలు కాపాడింది. ఏ ఫొటోలోనూ మిగలలేదు. విడిగా తీయమని అడిగితే, "ఇంట్లో మనిషివే గదా, ఎప్పుడైనా తియ్యొచ్చు" అనేవాడు గంగరాజు. ఎప్పుడైనా తీయవచ్చు కనుకనే ఎప్పుడూ తీయలేదు.

ఆనాటి నమూనాలో ఉన్నది మిల్లు గుమస్తాగారి ముగ్గురు కూతుళ్లు. పెద్దమ్మాయి రత్నకుమారి అత్తవారింటికి వెళ్లబోతూ ఇద్దరు చెల్లెళ్లతో దిగిన ఫొటో అది. కుడి చివర మంగతాయారు. గంగరాజు నన్ను ఆమె భుజం దాకా జరిపి పెన్సిలు తీశాడు.

"ఈసారికి నన్నుండనివ్వండి," అంది వెనక నుంచి మంగతాయారు.

"తీయించుకున్నది వాళ్లు. మధ్యలో నువ్వెందుకే?"

"నిలబడమన్నప్పుడల్లా నిలబడ్డాను. ఒక్కదాంట్లో అయినా కనపడొద్దా అండీ?"

"నువ్వుంటే ఫొటో ఓ పక్కకి బరువైపోద్ది. కంపోజిషన్ చెడిపోద్ది."

"అయితే కోసేసుకోండి," అని ఆమె లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడింది.

ఆయన ఆమె కనపడకుండా నన్ను మూసి చూశాడు. ముగ్గురమ్మాయిలూ తలలు కుడివైపు తిప్పి, నా నల్లట్టను చూసి విరగబడి నవ్వుతున్నారు. కుడివైపు కాస్త ఖాళీ వదిలాడు. ఖాళీని చూసి నవ్వారు. మెడల దాకా కుదించాడు. నవ్వు మరింత పెద్దదయింది.

ఇందుకు కారణం ఉంది. ఫొటో తీసేటప్పుడు గంగరాజు కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చగానే మంగతాయారు ఆ పిల్లలతో, "అందులో ఆయనకేం కనపడదమ్మా. పని చేస్తన్నట్టుండాలని దూరతారంతే," అంది. వాళ్లు ఆమెవైపు తిరిగి నవ్వారు. అదే క్షణంలో ఆయన మీట నొక్కాడు.

మళ్లీ తీయడానికి వీలులేదు. రత్నకుమారి ముందురోజు బండికే వెళ్లిపోయింది. ఉన్నది ఆ ఒక్క నెగటివు. గంగరాజు చాలాసేపు నన్ను అటూ ఇటూ జరిపాడు. చివరికి కుడి అట్టను మంగతాయారు మోచేయి దాటేదాకా లాగి గీత గీశాడు.

"ఏం చెప్పావే వాళ్లకి, అంతలా నవ్వుతున్నారు?" అని అడిగాడు.

"మీరు బాగా తీస్తారని చెప్పాను," అంది ఆమె.

సాయంత్రం గుమస్తాగారు వచ్చి ప్రింటులో తలలు లెక్కపెట్టారు. "నలుగురున్నారు, మంచిది," అని మూడు ప్రతులు పట్టుకెళ్లారు. నాలుగోది మంగతాయారు వంటింటి గోడకు తగిలించుకుంది.

ఇరవై ఆరేళ్ల తరువాత రత్నకుమారి కొడుకు ఆ ఫొటోకు నకలు తీయించడానికి అదే స్టూడియోకు వచ్చి, తనకు ముగ్గురు పిన్నులని చెప్పాడు.