సక్రి ఎడమ చెయ్యి

ప్లాస్టిక్ చేతికి గోర్లు పెరగవు. తొర్రూరు బస్టాండు వెనక సందులో శ్రీలత నడిపే బ్యూటీ పార్లర్‌లో సంగీతకు వచ్చిన చిక్కు అదే.

ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ చేతి మీద ఆమె ఆరు నెలలు ఫ్రెంచ్ అక్రిలిక్ గోర్లు పెట్టడం నేర్చుకుంది. గోరు మొదలు దగ్గర గులాబీ పొర, చివర తెలుపు, రెంటి మధ్య వంపు గీత. పెట్టడం వచ్చింది. ఇన్‌ఫిల్ రాలేదు. గోర్లు పెట్టిన మూడు వారాలకు అసలు గోరు పెరిగి మొదలు దగ్గర ఖాళీ కనిపిస్తుంది, తెలుపు ముందుకు జరుగుతుంది. ఆ ఖాళీని నింపాలి. జరిగిన తెలుపు వెనక డ్రిల్‌తో గాడి తీసి, అందులో కొత్త తెలుపు పోసి, గీతను పాత చోటికి తేవాలి. దీనికి పెరిగే గోరు కావాలి. అంటే మనిషి కావాలి.

పార్లర్‌లో గోర్లు చేసే కుర్చీ ఒకటే ఉంది. దాంట్లో శ్రీలత కూర్చుంటుంది. జనగామలో రెండో పార్లర్ తెరుస్తున్నందున ఇక్కడి కుర్చీ తన దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకరికి ఇస్తానని జనవరిలో చెప్పింది. ఒకరు సంగీత, ఇంకొకరు రాజీ. ఇద్దరూ కనుబొమ్మలకు దారం పెడతారు, నేల ఊడుస్తారు.

"సుమిత్రక్క ముందట ఒక చేతికి ఇన్‌ఫిల్ చేసి చూపియ్యాలె. అయిదు వేళ్లు. ఆమె ఎవ్వలికి చెయ్యి ఇస్తే కుర్చీ వాళ్లది" అంది శ్రీలత.

సుమిత్ర విత్తనాల వ్యాపారి వెంకట్రాం భార్య. మూడు వారాలకోసారి వస్తుంది. ఆమె మెచ్చితే ఊళ్లో మిగతా ఆడవాళ్లు వస్తారు.

రాజీ డిగ్రీ చదివే తన చెల్లెలికి గోర్లు పెట్టింది. సంగీత తండాలో నలుగురిని అడిగింది. అందరూ మిరప చేన్లకు పోతున్నారు. చివరికి తల్లిని అడిగింది. తల్లి పేరు సక్రి. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ.

"యాడీ, ఒక్క చెయ్యే. ఎడమది. మూడు వారాలు."

"మిరపకాయ ఒక్క చేత్తోటి తెంపుతరా బిడ్డా?"

"కుర్చీ వచ్చినంక నువ్వు తెంపేదే ఉండదు."

సక్రి చెయ్యి చాపింది.

మిరపకాయ తొడిమను బొటనవేలి గోరుతో నొక్కి తెంపుతారు. అక్రిలిక్ గోరు జారుతుంది. కూలీలను చేనుకు తీసుకుపోయే మేస్త్రి గోరీ మొదటి రోజే చూసింది.

"ఓ సక్రీ, నీ చెయ్యి చేనుకొచ్చిందా, పెండ్లికొచ్చిందా?"

మిగతావాళ్లు నవ్వారు. రెండో వారం గోరీ ఆమెను సాళ్లలోంచి తీసి కళ్లంలో కాయలు తిరగేసే పనికి మార్చింది. అక్కడ ఘాటు ఎక్కువ. అది ముసలివాళ్లకిచ్చే పని.

మూడో వారం బొటనవేలి అక్రిలిక్ ఒక పక్క లేచింది. కింద మంటగా ఉందని సక్రి చెప్పింది. లేచిన ముక్కను తీసెయ్యాలని సంగీతకు తెలుసు. తీస్తే పరీక్షకు నాలుగు వేళ్లే మిగులుతాయి. గోర్లు అంటించే గమ్ చుక్క వేసి నొక్కింది. లేచిన సందులోంచి లోపలికి పోయిన నీళ్లు లోపలే ఉండిపోయాయి. తండాలో దెబ్బకు చేసినట్టే సక్రి రోజూ వేలికి పసుపు రాసుకుంది. అంచు పచ్చబడింది. సంగీత చూసి అది పసుపే అనుకుంది.

ఆదివారం పదకొండు గంటలకు సుమిత్ర వచ్చింది. ముందు రాజీ తన చెల్లెలి చేతికి చేసింది. ఉంగరం వేలి మీద గీత ఒక పక్క పైకి పోయింది. సుమిత్ర ఆ వేలిని పట్టుకుని చూసి వదిలేసింది.

తర్వాత సక్రి కూర్చుంది. సంగీత చిటికెన వేలితో మొదలుపెట్టింది. నాలుగు వేళ్లకూ గీత రెండు కొసలు సమానంగా వచ్చాయి. బొటనవేలికి డ్రిల్ పెట్టగానే గమ్ ఊడి పొర లేచింది. కింద గోరు మీద బియ్యపు గింజంత ఆకుపచ్చ మచ్చ ఉంది. పసుపు అంత లోపలికి పోదు.

ఆకుపచ్చ కనిపిస్తే పని ఆపాలి, అక్రిలిక్ అంతా తీసెయ్యాలి, గోరు మామూలుగా అయ్యేదాకా ఏమీ పెట్టకూడదు. శ్రీలత మొదటి వారంలో నేర్పింది ఇది. ఆమె ఇప్పుడు కిటికీ దగ్గర ఫోన్‌లో మాట్లాడుతోంది. మచ్చను చూసింది తల్లీ కూతుళ్లే.

"మండుతాంది. తీసెయ్" అంది సక్రి, లంబాడీలో.

"ఏమంటాంది మీ అమ్మ?" అని సుమిత్ర అడిగింది.

"మంచిగున్నదంటాందమ్మా" అంది సంగీత.

సక్రి ముప్పై ఏళ్లుగా తెలుగువాళ్ల చేన్లలో పనిచేస్తోంది. సుమిత్ర అడిగిందీ, కూతురు చెప్పిందీ ఆమెకు అర్థమయ్యాయి. కూతురి మొహం చూసింది. చెయ్యి తువ్వాలు మీద అలాగే ఉంచింది.

సంగీత మచ్చ మీద డ్రిల్ మూడుసార్లు తిప్పింది. మచ్చ పోలేదు, గోరు పలచబడింది. అక్రిలిక్ పట్టుకోవడానికి ప్రైమర్ రాసినప్పుడు బల్ల కింద సక్రి కాలు కదిలింది. మచ్చ కనిపించకుండా గులాబీ పొర మందంగా వేసింది. గాడిలో తెలుపు పోసి బ్రష్ కొసతో గీత దిద్దింది.

సుమిత్ర అద్దాలు పెట్టుకుని అయిదు వేళ్లూ చూసింది.

"మంచిగ కుదిరినయి. సక్రీ, ఇగ ఇంట్ల బోళ్లెవరు తోముతరే నీకు?"

"పనిమనిషిని పెట్టుకుంటదక్కా" అంది శ్రీలత, ఫోన్ పెట్టేసి వస్తూ.

వాళ్లు నవ్వారు. సక్రి కూడా నవ్వింది.

శ్రీలత పార్లర్ పేజీలో పెట్టడానికి ఫోటో తీసింది. చూసి, మళ్లీ తీసింది. "ముంజేతి మీది గా పచ్చబొట్లు ఫోటోల పడుతున్నయి. చెయ్యి జర ఎనుకకు గుంజు. వేళ్లు చాలు."

సుమిత్ర సక్రి లేచిన చోట కూర్చుని సంగీతకు చెయ్యి చాపింది.

"ముందు నాది తీసెయ్" అంది సక్రి.

"గంటాగు యాడీ."

సక్రి బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. గంటన్నర పట్టింది. సంగీత బయటికి వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

సక్రి బస్సెక్కి ఇంటికి పోయి కొడవలి మొనతో బొటనవేలి అక్రిలిక్‌ను లేపింది. పలచబడ్డ గోరు దాంతోపాటే సగం దాకా లేచి వచ్చింది. తండాకు వచ్చే ఆర్‌ఎంపీ మిగతా సగం తీసి కట్టు కట్టాడు. మర్నాడు గోరీ ఆమెను చేనుకు రానివ్వలేదు. కట్టులోకి ఘాటు పోతే మంటకు పడిపోతావని, నేరం తన మీదికి వస్తుందని చెప్పింది. ఆ ఏడు మిరప పని సక్రికి అక్కడితో అయిపోయింది.

సంగీత కుర్చీలో కూర్చుంది. తల్లికి మాత్రలు తెచ్చింది. మిగతా నాలుగు గోర్లు బాగున్నాయని, ఉండనివ్వమని చెప్పింది. సక్రి సరే అంది, తెలుగులో. ఆదివారం నుంచి ఆమె కూతురితో తెలుగులోనే మాట్లాడుతోంది. మొదటి రెండు రోజులు సంగీత లంబాడీలోనే బదులిచ్చింది. తర్వాత ఆమె నోటికీ తెలుగే వచ్చేసింది.

మూడు వారాలైంది. మర్నాడు సుమిత్ర చుట్టాలమ్మాయికి పెళ్లి గోర్లు, చదరం అంచుతో. చదరం గోర్లు సంగీత ఎప్పుడూ చేయలేదు. సాయంత్రం డ్రిల్, పొడి డబ్బాలు ఇంటికి తెచ్చి, తల్లి ముందు తువ్వాలు పరిచింది.

"నాలుగున్నయి గద. గియ్యి చదరం చేసి చూస్త" అంది.

సక్రి చెయ్యి చాపలేదు.

"కూలిస్తవా?"

సంగీత నవ్వింది. సక్రి నవ్వలేదు.

"గోరీ ఇచ్చేదే ఇయ్యి. ఒక దినానిది."

సంగీత కాసేపు తువ్వాలు అంచు సర్దింది. మర్నాటి గోర్ల గురించి ఆలోచించింది.

"ఇస్త" అంది.

సక్రి నాలుగు వేళ్లు తువ్వాలు మీద పెట్టింది. బొటనవేలిని అరచేతి కిందికి మడిచింది. సంగీత డ్రిల్ ప్లగ్గు పెట్టింది.